మందు ఫ్రిజ్‌లోనే ఉండిపోయిన రోజులు

మా మనవరాలు ముఖానికి రాసుకునే సీసా ఒకటి ఈమధ్య నా చేతికి వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని చదివితే దాని మీద హైలురోనిక్ ఆసిడ్ అని ఉంది.

"ఇది నాకు తెల్సులే" అన్నాను.

"నీకెట్ల తెల్సు తాతా? ఇది చర్మానికి తేమ పట్టేది."

"కువైట్‌లో గుర్రం మోకాలికి ఏస్తాంటిమి."

ఆ పిల్ల సీసా లాక్కుని ఒకసారి వాసన చూసుకుంది. తర్వాత అది రాసుకోవడం మానలేదు గానీ, నా ముందు రాసుకోవడం మాత్రం మానేసింది.

నవ్వుకున్నాను గానీ, ఆ రోజంతా నా మనసు కువైట్‌లోనే తిరిగింది. గల్ఫ్‌కు బయలుదేరే మా కడప పిల్లలు, పశువుల ఆస్పత్రుల్లో కొత్తగా పనిలో చేరేవాళ్లు ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనులకంటే, ఒకసారి చేయకుండా ఆపిన పని గురించే చెప్పాలని ఉంది. ఆపింది కూడా నేను కాదు.

రాయచోటి దగ్గర పశువుల ఆస్పత్రిలో కొన్నాళ్లు కాంపౌండర్‌కు సాయంగా ఉండి, ఆ అనుభవంతో గుర్రాల పనికి కువైట్ వెళ్లాను. మహబూలా దాటాక సముద్రానికి వీపు పెట్టి ఎడారి వైపు తిరిగితే మా యజమాని లాయం ఉండేది. వరసగా గుర్రాల గదులు, మధ్యలో ఇసుక మైదానం, ఓ చివర మందుల గది. ఆ గదిలో నేను, మా డాక్టర్.

డాక్టర్‌ది సూడాన్. పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. చదువు కొంత మన దేశంలోనే సాగింది కాబట్టి హిందీ వచ్చు. ఆయనతో మాట్లాడేది సగం హిందీ, సగం అరబీ. ఇక్కడ అదంతా నా తెలుగులోకి మార్చి రాస్తున్నాను. ఆయన్ని అక్కడి వాడుక ప్రకారం దక్తూర్ అని పిలిచేవాణ్ణి. సూది పట్టుకోవడం నుంచి గుర్రం చెవుల కదలికను బట్టి దాని కోపం తెలుసుకోవడం దాకా అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. అరవకుండా నేర్పిన గురువు నాకు ఆయనొక్కడే.

లాయంలో ఒక తెల్లగుర్రం ఉండేది. వయసు మళ్లిన ఆడగుర్రం. యజమాని తండ్రి బతికున్నప్పుడు తన భార్యకోసం కొన్నదట. పందేలకు ఎప్పుడో దూరమైంది, కానీ దాన్ని అమ్మే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఆ ఏడు ఎండాకాలంలో దాని ముందుకాలి మోకాలు వాచింది. అడుగేస్తే తల ఎగిరెగిరి పడేది. నొప్పి ఉన్న కాలు నేలకు ఆనించినప్పుడల్లా గుర్రం తల పైకి ఎత్తుతుంది.

దక్తూర్ ఆ కీలులోంచి సూదితో కొంచెం నీరు తీశాడు. ఒక చుక్క నా చేతి తొడుగు మీద వేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లాగమన్నాడు. లాగాను. నీళ్లలాగే జారిపోయింది.

"ఇప్పుడిది చూడు" అని, ఒక ఆరోగ్యమైన గుర్రం కీలునీటిని అలాగే లాగి చూపించాడు. అది తెగలేదు. అరిసెలకు మా అమ్మ పట్టే తీగపాకంలా వేళ్ల మధ్య సన్నగా సాగింది.

ఆ సాగుడే హైలురోనిక్ ఆసిడ్ అని చెప్పాడు. పేరులో ఆసిడ్ ఉంది గానీ కాల్చే గుణం ఏమీ లేదు. నీటిని పట్టి ఉంచే జిగురు అది. ఎముకకూ ఎముకకూ మధ్య నూనెలా జారుతుంది, దెబ్బ తగిలితే మెత్తలా ఆపుతుంది. మన కంట్లో ఉంది, చర్మంలో ఉంది, కడుపులో బిడ్డ బొడ్డుతాడు నలిగిపోకుండా చుట్టూ ఉండే గుజ్జులో ఉంది. కీలుకు వాపొస్తే అది ముక్కలై పలచబడుతుంది. అప్పుడు బయటినుంచి కొంత ఎక్కిస్తే వాపు తగ్గుతుంది, కీలు మళ్లీ తన పని తాను చేసుకోగలదు. కంటి ఆపరేషన్లలోనూ డాక్టర్లు దీన్నే వాడతారట, లోపలి సున్నితమైన పొర గీసుకోకుండా.

"యాడ దొరుకుతాది సార్ ఇది?" అని అడిగాను.

"కోడిపుంజు తలమీద ఎర్రటి జుట్టు ఉంది చూశావా, దాంట్లోంచి తీస్తారు."

ఆయన నాతో వేళాకోళం ఆడుతున్నాడనే అనుకున్నాను. నిజమేనని నమ్మడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇప్పుడు సూక్ష్మజీవులతో తయారు చేస్తున్నారని విన్నాను, కోళ్లకు మంచి రోజులొచ్చాయి.

ఆ మందు యూరప్‌నుంచి తెప్పించారు. చిన్నచిన్న డబ్బాలు ఫ్రిజ్‌లోకి చేరాయి. ఆ వారంలోనే సూది వేద్దామనుకున్నాం. ఇంతలో ఆగస్టు వచ్చింది, ఇరాక్ సైన్యం వచ్చింది.

పొద్దున లేచి చూస్తే రోడ్డు మీద ట్యాంకులు. యజమాని పిల్లలతో సెలవులకు విదేశం వెళ్లి ఉన్నాడు. సబా అల్ సలేంలోని ఇంట్లో ఆయన తల్లి ఒక్కతే ఉంది, తోడుగా మన కోనసీమ నుంచి వచ్చిన పనిమనిషి. యజమానురాలిని అక్కడ మామా అంటారు కదా, మేమందరం ఆవిడను అలాగే పిలిచేవాళ్లం. కోనసీమ ఆవిడ నాకంటే పెద్దది, అక్కా అనేవాణ్ణి.

లాయంలో పనివాళ్లు చాలామంది వెళ్లిపోయారు. నేనూ దక్తూరూ మిగిలాం. ఉన్న గడ్డిని తగ్గించి తగ్గించి పెడుతూ రోజులు నెట్టాం. తెల్లగుర్రం రోజంతా మూడు కాళ్ల మీదే నిలబడేది.

"సూది ఏద్దాం సార్" అన్నాను ఒకరోజు.

"ఇప్పుడు కాదు."

మర్నాడు అడిగాను, మళ్లీ అదే జవాబు. మందు ఫ్రిజ్‌లో ఉంది, కరెంటు ఉంది, చేయాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడు. నాకు ఓపిక చచ్చింది.

"అది నొప్పితో సస్తాంటే చూస్తా కూర్చుండావే, నీకు జాలి లేదా సార్?" అని అరిచాను.

ఆయన కోపగించుకోలేదు. ఇసుక మీద కూర్చుని ఆ కాలికి తడిగుడ్డ చుడుతున్నాడు. "అవతలి లాయంలో ఏం జరిగిందో విన్నావుగా" అన్నాడు. "సైనికులు వచ్చి ప్రతి గుర్రాన్నీ పరిగెత్తించి చూశారు. బాగున్నవాటిని లారీలెక్కించి తీసుకుపోయారు. దీని కాలు బాగైతే ఎక్కడికి పోతుంది? ఈ వయసులో ఆ ప్రయాణం తట్టుకుంటుందా? ఈ కుంటుడే దానికి కాపలా."

ఆ తర్వాత ఆయన ఆ గుర్రం గదిలో ఇసుక మరింత మెత్తగా పరిచాడు. సాయంత్రాలు దాని కాలు పక్కన కూర్చుని తడిగుడ్డ మార్చేవాడు. వైద్యం చేయగలిగి చేయకుండా ఉండటం ఎంత కష్టమో ఆయన ముఖం చూసి తెలుసుకున్నాను.

వాళ్లు మా దగ్గరికి ఒక మధ్యాహ్నం వచ్చారు. లారీలు, సైనికులు, వాళ్లతో ఒక అధికారి. తలకు తెల్లవెంట్రుకలు వచ్చిన మనిషి. గుర్రాల గురించి బాగా తెలిసినవాడని దిగిన మరుక్షణమే అర్థమైంది, ఎందుకంటే గదుల్లోకి దూరకుండా, గుమ్మం దగ్గరే నిలబడి ముందు ప్రతి గుర్రానికీ తన చేతి వాసన చూపించాడు.

ఒక్కొక్కదాన్నీ గట్టినేల మీద పరిగెత్తించమన్నాడు. పగ్గం పట్టి పరిగెత్తింది నేనే. నేను కడిగి, దువ్వి, పేర్లు పెట్టుకున్న గుర్రాలు ఒకదాని వెనక ఒకటి లారీల్లోకి ఎక్కాయి. ఒక ఎర్రగుర్రం ఎక్కనని మొరాయించి నావైపు చూసింది. నేనే దాని మెడ నిమిరి ఎక్కించాల్సి వచ్చింది. దాని సంగతి ఇంతకంటే రాయలేను.

చివరికి తెల్లగుర్రం వచ్చింది. రెండడుగులకే తల పైకి ఎగరేసింది. అధికారి ఆగమని చెయ్యెత్తి, వంగి, మోకాలి చుట్టూ వేళ్లతో నొక్కి చూశాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఎండాకాలం మొదలైనప్పటినుంచి" అన్నాడు దక్తూర్.

"కీలులోకి మందు ఎక్కించలేదేం?"

"మందు లేదు."

అధికారి లేచి చేతులు దులుపుకున్నాడు. తాగడానికి నీళ్లున్నాయా అని అడుగుతూనే మందుల గదిలోకి నడిచి, తనే ఫ్రిజ్ తెరిచాడు. నీళ్ల సీసాల పక్కనే ఆ డబ్బాలున్నాయి, మీద గుర్రం బొమ్మతో సహా.

ఒకటి తీసి చదివాడు. తిప్పి వెనకవైపు కూడా చదివాడు. దక్తూర్ కదల్లేదు. గుమ్మం బయట సైనికులు సిగరెట్లు కాలుస్తున్నారు, వాళ్లకు లోపలి సంగతి తెలియదు. అబద్ధం దొరికిపోతే ఏం చేస్తారో మా ఇద్దరికీ తెలుసు.

అధికారి ఆ డబ్బాను నీళ్ల సీసాల వెనక్కి, కనబడకుండా, జరిపి పెట్టాడు. ఒక సీసా తీసుకుని ఫ్రిజ్ మూశాడు. నీళ్లు తాగి, దక్తూర్ పక్కగా వస్తూ గొంతు తగ్గించి అన్నాడు: "రేపు వేరేవాళ్లు వస్తారు. వాళ్లకు గుర్రాలు అక్కర్లేదు, మాంసం కావాలి. ఇవాళే ఇక్కడినుంచి తీసేయండి."

తర్వాత బయటికి నడిచి సైనికులతో గట్టిగా, "ఆ ముసలిది పనికిరాదు. ఖలాస్. యల్లా, పదండి!" అన్నాడు.

లారీలు కదిలాయి. దక్తూర్ ఇసుకలో చతికిలబడ్డాడు. అయినా కూర్చునే తీరిక మాకు లేదు. గడ్డి మోసే పాత బండి ఒకటి మిగిలింది. దాని వెనక చెక్కలు కట్టి, గోనెలు పరిచి, తెల్లగుర్రాన్ని ఎక్కించాం, ఫ్రిజ్‌లోని మందు డబ్బాలు కూడా పెట్టుకున్నాం. ఎండ తగ్గకముందే సబా అల్ సలేం దారి పట్టాం. దారిలో ఒక కుర్ర సైనికుడు ఆపాడు. దక్తూర్ గుర్రం కాలికి చుట్టిన కట్టు చూపించి, "రోగం. అంటుకుంటుందేమో తెలియదు" అన్నాడు. ఆ అబ్బాయి రెండడుగులు వెనక్కి వేసి, త్వరగా పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ రోజుకు దక్తూర్ ఆడిన అబద్ధాలు రెండు. అంతకుముందు ఆయన నోట ఒక్కటీ వినలేదు.

ఇంటి గేటు తీసిన అక్క గుర్రాన్ని చూసి నోరు తెరిచింది.

"ఇదేంటి తమ్ముడూ! ఇంట్లో మనుషులకే రొట్టె దొరక్క చత్తుంటే, గుర్రాన్ని తోలుకొచ్చేరా?"

"దానికి ఇంగ యాడా చోటు లేదక్కా."

వెనకనుంచి కర్ర టకటకలాడింది. మామా వచ్చింది. గుర్రాన్ని చూసింది, గుర్రం కూడా ఆవిడను చూసి ముక్కుతో చిన్నగా శబ్దం చేసింది. మామా కర్రను గోడకానించి, రెండు చేతులతో దాని ముఖం పట్టుకుంది. అక్క గేటు బార్లా తీసి, "పదండి బాబూ, లోపలికి పదండి" అంది.

ఇక దాన్ని పరిగెత్తించి చూసేవాళ్లు లేరు కాబట్టి, నొప్పి తీర్చే పని మర్నాడే పెట్టుకున్నాం. ఇంటి ఆవరణలో, నీడపట్టున. కీలులోకి సూది అంటే శుభ్రత అతి ముఖ్యం, రవ్వంత మట్టి లోపలికి పోయినా కాలు పోతుంది. వెంట్రుకలు గొరిగి, అక్క కాచిన నీళ్లతో, మందుసబ్బుతో నేను రుద్దుతూనే ఉన్నాను. దక్తూర్ ఆపమనేదాకా రుద్దాను. ఆయన పలచని నీరు కొంత తీసి, మందు మెల్లగా ఎక్కించాడు. సూది బయటికి వచ్చాక గుర్రం మెడకు తన నుదురు ఆనించి, "ఇన్నాళ్లూ ఊరుకున్నాను, క్షమించు" అన్నాడు. గుర్రం దాన్ని పట్టించుకోకుండా అక్క చేతిలోని ఎండురొట్టె కోసం మెడ సాచింది.

కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న మామా, "దక్తూర్, నా మోకాళ్లూ ఇలాగే ఉన్నాయి. నాకూ వేయి" అంది.

"మామా, మీ మోకాల్లో ఉండేదీ దాని మోకాల్లో ఉండేదీ ఒకటే సరుకు. కానీ నేను నాలుగు కాళ్లవాళ్లకే డాక్టర్ని."

"కర్రతో కలిపితే నాకు మూడున్నాయి. ఒక్కటే కదా తక్కువ!"

కువైట్‌లో ట్యాంకులు దిగాక ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వింది అప్పుడే.

కొన్నాళ్లకు వాపు తగ్గింది. ఒక ఉదయం నేను పగ్గం పట్టుకుని నడిపిస్తుంటే, తెల్లగుర్రం నాలుగు కాళ్లూ సమంగా నేలకు ఆనించి, ఖర్జూరపు చెట్టు చుట్టూ తనంతట తానే చిన్న పరుగు తీసింది. తల నిటారుగా ఉంది, ఎగరలేదు. మందు పనిచేస్తుందని పుస్తకం చెబుతుంది. మా అదృష్టం కొద్దీ దాన్ని కళ్లారా చూశాం.

మన దేశం వాళ్లను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో పంపుతున్నారని తెలిసి మామా నన్ను వెళ్లమంది. అక్కను కూడా వెళ్లమంది.

"ఈవిడ్ని ఒదిలేసి నేనెక్కడికెళ్తాను తమ్ముడూ? కుండలో నీళ్లు కూడా ముంచుకోలేదు. నువ్వెళ్లు, మా ఇంటికి నే బానే ఉన్నానని కబురెట్టు" అంది అక్క.

దక్తూర్ కూడా ఉండిపోయాడు. బస్సుల్లో, గుడారాల్లో పడి, బొంబాయి మీదుగా ఇల్లు చేరాను. వాళ్లను వదిలి వచ్చాననే బాధ అన్నం దగ్గర కూడా వదిలేది కాదు.

యుద్ధం ముగిశాక యజమాని నన్ను మళ్లీ పిలిపించాడు. నేను దిగేసరికి చమురుబావుల పొగతో మిట్టమధ్యాహ్నం కూడా మసకగా ఉంది. గేటు తీసింది అక్కే, బాగా చిక్కిపోయి ఉంది. ఆవరణలో మసిపట్టి బూడిదరంగుకు తిరిగిన తెల్లగుర్రం నిలబడి ఉంది. తమకు లేనప్పుడు కూడా దానికి గుప్పెడు బియ్యం ఉడికించి పెట్టారట. నేను అక్క కాళ్లకు దండం పెట్టబోతే, "లే లే, ముందు దానికి స్నానం చేయించు, నావల్ల కావట్లేదు" అంది.

అయితే సూడాన్ ప్రభుత్వం ఇరాక్ వైపు మొగ్గడంతో దక్తూర్‌కు గడ్డురోజులు వచ్చాయి. యుద్ధంలో ఎవరి ప్రభుత్వం ఎటు నిలబడిందన్నదాన్ని బట్టి మామూలు మనుషులను కూడా అనుమానంగా చూసే కాలం అది. ఆయన ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి, ఆపేశారు, విచారణకు పిలిచారు. ఆ మాట విని మామా బట్టలు మార్చుకుంది.

విచారణ జరిపే ఆఫీసు మేడ మీద ఉంది. ఒకవైపు నేను, ఒకవైపు అక్క పట్టుకున్నాం. మెట్టు మెట్టుకూ ఆగి, పళ్లు బిగపట్టి ఎక్కింది. కిందికే ఎవరినైనా పిలిపిస్తామంటే వినలేదు. పైన కూర్చున్న అధికారి ఆవిడ అవస్థ చూసి తన కుర్చీ ఇచ్చాడు.

"ఆక్రమణ రోజుల్లో నా కొడుకులు నా దగ్గర లేరు. ఈ సూడాన్ మనిషి ఉన్నాడు. నాకు నీళ్లు మోశాడు, మందులు వెతికి తెచ్చాడు. ఇతను అనుమానించాల్సిన మనిషైతే నన్ను కూడా లోపల కూర్చోబెట్టండి" అంది మామా.

ఆ అధికారి టీ తెప్పించాడు, ఆవిడ చెప్పిందంతా రాసుకున్నాడు. దక్తూర్ ఇఖామా తిరిగి వచ్చింది. మరికొన్నాళ్లు పనిచేసి, సగౌరవంగా సెలవు తీసుకుని తన దేశానికి బయలుదేరాడు.

వెళ్లేముందు మామా ఆయనకు భోజనం పెట్టింది. నన్నూ అక్కనూ కూడా తనతో కూర్చోమంది. "నా గుర్రాన్ని కాపాడావు, దేవుడు నిన్ను కాపాడుతాడు" అంది.

దక్తూర్ చెయ్యి కడుక్కోబోతూ ఆగాడు. "నేనొక్కణ్ణే కాదు మామా" అని, అప్పటిదాకా మేమిద్దరం ఎవరికీ చెప్పని ఆ ఇరాకీ అధికారి సంగతి మొత్తం చెప్పాడు. ఫ్రిజ్ తెరవడం, డబ్బా చదవడం, వెనక్కి జరపడం, ఇవాళే తీసేయమనడం.

ఆక్రమణ రోజుల్లో మామా అల్లుణ్ణి ఇరాక్ సైనికులు పట్టుకుపోయారు, అప్పటికింకా తిరిగి రాలేదు. ఆ ఇంట్లో ఇరాకీవాణ్ణి మెచ్చుకుంటూ ఒక్క మాట కూడా ఎవరూ అనరు.

మామా చేతిలోని రొట్టెముక్కను పళ్లెంలో పెట్టేసింది. తర్వాత, "అతని పేరు అడిగావా?" అంది.

"లేదు మామా. అడిగే పరిస్థితి కాదు."

"బతికున్నాడో లేదో."

"తెలియదు."

మామా తన పళ్లెంలోని మాంసం తుంచి దక్తూర్ పళ్లెంలో వేసింది. "పేరు లేకపోయినా దేవుడికి తెలుస్తుంది. నా అల్లుడి కోసం అడిగేటప్పుడు అతని కోసం కూడా అడుగుతాను. మీరు ముగ్గురూ ఈ మాట నా కొడుకులకు చెప్పకండి" అంది.

మేం చెప్పలేదు. ఆవిడ పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది, అందుకే రాస్తున్నాను.